చూడబోయేవారిని చూడనిద్దాం

గడచిన వేసవి ఆరంభంలో ఒక మధ్యాహ్నం, ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం పరీక్షలు అప్పుడే ముగించుకొన్న విద్యార్థి ఒకడు మా అధ్యాపకుల గదికి వచ్చాడు. పుస్తకాల మధ్య భద్రంగా దాచుకొన్న చిన్న నీలిరంగు పుస్తకాన్ని తీసి మా బల్లపై ఉంచాడు. అది పాస్‌పోర్టు. అందులో అప్పటికింకా ఒక్క ముద్ర కూడా పడలేదు. అయినా ఒక్కొక్క పుటనూ తిప్పి మాకు చూపించాడు.

"సార్, మే నెలలో కువైట్ వెళ్తున్నాను. అబ్బా వీసా పంపించారు. అమ్మీ, నేను వెళ్తున్నాం. నెల రోజులు ఉంటాం" అన్నాడు. ఆ తరువాత ప్రశ్నల వర్షం. విమానంలో కిటికీ ప్రక్క చోటు కావాలంటే ముందుగానే అడగాలా? పైనుండి సముద్రం కనబడుతుందా? అక్కడ పొద్దు మన కంటే ఎంత ఆలస్యంగా పొడుస్తుంది? సముద్రాన్ని ఇంతవరకు చూడని పిల్లవాడు మొదటిసారి దానిని ఆకాశంనుండి చూడబోతున్నాడు. అతని కళ్ళలోని వెలుగు పరీక్షా ఫలితాల నాడు కూడా మేము చూడలేదు.

మా సహోద్యోగి ఒకరు, ఆ పిల్లవాడి మేలు కోరేవారే, "మంచిది బేటా, వెళ్ళినవాడివి అక్కడే ఏదైనా పని చూచుకో. మీ నాన్నకు చేదోడుగా ఉంటుంది" అన్నారు. మరొకరు, "ఈ నెల రోజులూ ప్రవేశ పరీక్షకు చదువుకొంటే బాగుపడేవాడివి కదా" అని తల పంకించారు. మా వంతు వచ్చింది. "వచ్చేటప్పుడు మంచి ఖర్జూరాలు తీసుకురా" అన్నాము. "తప్పకుండా సార్" అని పాస్‌పోర్టును మళ్ళీ పుస్తకాల మధ్య పెట్టుకొని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం మా మాట మాకే చిన్నదిగా తోచింది. ఒకరు ఆ పిల్లవాడిని సంపాదనగా చూచారు. ఒకరు మార్కులుగా చూచారు. మేము ఖర్జూరాల పొట్లంగా చూచాము. లోకాన్ని చూడబోతున్న మనిషిగా అతణ్ణి మాలో ఎవరమూ చూడలేదు. ఈ వ్యాసం వ్రాయడానికి ఆ లోపమే కారణం.

మన కళాశాల విద్యార్థులకు విదేశ ప్రయాణమనేది వింత విషయం కాదు. రాయచోటి, రాజంపేట ప్రాంతాలలో కువైట్‌తో సంబంధం లేని వీధి అరుదు. మన వీధుల్లో పిల్లలు కడప పేరు నేర్చుకొనే వయసులోనే కువైట్ పేరు కూడా నేర్చుకొంటారు. అయితే ఆ పేరు వారికి ఒక స్థలంగా తెలియదు. తండ్రి ఉండని ఇంటికి అది కారణంగా తెలుసు. నెలనెలా వచ్చే డబ్బుగా తెలుసు. రెండేళ్ళకొకసారి తాళ్ళతో బిగించి కట్టిన అట్టపెట్టెగా తెలుసు. మేము పైన చెప్పిన విద్యార్థి తండ్రి పదహారు సంవత్సరాలుగా అక్కడ ఉన్నాడు. రెండేళ్ళకొకసారి రెండు నెలల సెలవు. లెక్క వేస్తే పదహారేళ్ళలో తండ్రీకొడుకులు కలిసి ఉన్నది పదహారు నెలలు. 2022లో కువైట్ ప్రభుత్వం నిలిపివేసిన కుటుంబ సందర్శన వీసాలు 2024 ఫిబ్రవరిలో మళ్ళీ మొదలైనాయి. నాటినుండి ఆ ఇంట్లో ఈ ప్రయాణం గురించిన మాట నడుస్తూనే ఉన్నది. అట్టి పిల్లవాడు పాస్‌పోర్టులోని ఖాళీ పుటలను సైతం అపురూపంగా తిప్పి చూపించాడంటే అందులో ఆశ్చర్యమేమున్నది?

పదిహేడేళ్ళ వయస్సులో కలిగే ఈ ఉత్సాహాన్ని పెద్దలు తరచుగా చాపల్యమని కొట్టివేస్తారు. మా అభిప్రాయం అది కాదు. బడి ముగిసి పై చదువు ఇంకా మొదలుకాని ఆ రెండు నెలలు మనిషి జీవితంలో మళ్ళీ రావు. అప్పటికి పిల్లవాడు చూచినదానిని అర్థం చేసుకొనే వయస్సుకు వచ్చి ఉంటాడు. చూచిన ప్రతిదానికీ ధర కట్టే వయస్సుకు ఇంకా రాలేదు. ఈ రెండింటి నడుమ ఉన్న సన్నని దారిలోనే అసలైన యాత్రికుడు పుడతాడు. 1325లో టాంజియర్ నగరాన్ని విడిచి హజ్ యాత్రకు బయలుదేరిననాటికి ఇబ్న్ బతూతా వయస్సు 21 సంవత్సరాలు. మక్కా చేరడంతో అతని దాహం తీరలేదు. ఢిల్లీ వరకు, అంతకు ఆవలికి కూడా సాగి, 1349లో గాని స్వదేశం ముఖం చూడలేదు. ఆరు శతాబ్దాలు దాటినా లోకం అతణ్ణి చదువుతున్నదంటే అతడు గడించిన ధనం వల్ల కాదు. తాను చూచినదానిని 1355లో గ్రంథస్థం చేయించడం వల్లనే.

అంత దూరం వెళ్ళనక్కరలేదు. మన కళాశాల పత్రిక రెండు భాషలలో వెలువడుతున్నది. ఆ రెండు భాషలకూ యాత్రాసాహిత్యంలో గొప్ప వారసత్వం ఉన్నది. మదరాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదుల మీదుగా సాగిన ఆ ప్రయాణంలో మజిలీ మజిలీకీ దారి ఎట్లున్నది, నీరు ఎట్లున్నది, ఏ వస్తువు దొరుకుతున్నది, జనం ఎట్లు జీవిస్తున్నారు అన్నది ఆయన వ్రాసి ఉంచారు. 1838లో అచ్చయిన ఆ "కాశీయాత్ర చరిత్ర" తెలుగు యాత్రాసాహిత్యానికి తొలి మెట్టు. ఉర్దూ విషయానికి వస్తే, హైదరాబాదుకు చెందిన యూసుఫ్ ఖాన్ కంబళ్‌పోష్ 1837లో ఓడనెక్కి ఇంగ్లండు వెళ్ళాడు. ఆయన సఫర్‌నామా 1847లో అచ్చయింది. ఉర్దూలో తొలి యాత్రాగ్రంథంగా దానిని పేర్కొంటారు. కంబళ్‌పోష్ అంటే కంబళి కప్పుకొన్నవాడు అని అర్థం. ఒకరు దుబాసీ, మరొకరు కంబళివాడు. ఒకరిది పల్లకీ బాట, మరొకరిది ఓడ దారి. పదేళ్ళలోపు తేడాతో ఇద్దరూ మన నేలతో సంబంధం ఉన్నవారే. ఇద్దరూ చూచినదానిని తమతోనే సమాధి కానివ్వలేదు. నేడు ఒక్క పూటలో కువైట్ చేరుతున్న మన పిల్లలు అక్కడినుండి ఏమి తెస్తున్నారు? సబ్బులు, సెంటు సీసాలు, ఖర్జూరాలు. అవి తెమ్మని అడిగినవారు మావంటి పెద్దలే కనుక తప్పు పిల్లలదని అనలేము.

ఇక్కడ కొందరు ఒక ఆక్షేపణ తీసుకురావచ్చు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, పక్క జిల్లాను చూడని పిల్లవాడికి పరదేశమెందుకు అని. దూరపు కొండలు నునుపు, దగ్గరకు వెళితే ఆ ఎడారిలో చూడదగినదేమున్నది అని. విమానపు టిక్కెట్టు ఖర్చుతో ఒక సంవత్సరం చదువు సాగుతుంది కదా అని. ఈ మాటలను తేలికగా తీసిపారవేయలేము. పేద, మధ్యతరగతి కుటుంబాలకు ఆ ఖర్చు నిజంగా బరువే. అందుకే మేము అంటున్నాము, అంత బరువు మోసి పంపిన ప్రయాణాన్ని బజారు తిరుగుళ్ళతో ముగించరాదు. దూరపు కొండ నునుపు కాదని తెలియడం కూడా విద్యే. ఆ విద్య దగ్గరకు వెళ్ళినవాడికే అబ్బుతుంది.

ఇక అక్కడ చూడదగినదేమున్నదన్న ప్రశ్న. మన సీమ బిడ్డకు కువైట్‌లో చూడదగిన మొదటి వస్తువు నీరు. ఆ దేశంలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. ఒకప్పుడు ఇరాక్ వైపు ఉన్న షత్తుల్ అరబ్ నదినుండి పడవలలో మంచినీరు తెచ్చుకొని అమ్ముకొన్నారు. నేడు సముద్రపు నీటిలోని ఉప్పును తొలగించి త్రాగుతున్నారు. కువైట్ గోపురాలను అందరూ ఫోటోలో చూచే ఉంటారు. 1979లో ప్రజలకు తెరచిన ఆ గోపురాలలో పెద్దది 187 మీటర్ల ఎత్తు. ఆ నీలిరంగు గోళాలు అలంకారం కోసమే కట్టినవని చాలామంది భావిస్తారు. నిజానికి వాటిలో నీటిని నిలువచేస్తారు. బిందెల వరుసలో నిలబడి పెరిగిన మన పిల్లవాడు ఆ గోపురం క్రింద నిలబడినప్పుడు, నది లేని దేశం దాహం ఎట్లు తీర్చుకొంటున్నది, వాన తక్కువైన మన నేల ఏమి చేయవచ్చు అన్న ఆలోచన ఒక్క క్షణం కలిగితే చాలు. టిక్కెట్టు డబ్బులు వచ్చినట్లే.

రెండవది చరిత్ర. కువైట్ దినారు విలువను మన రూపాయలలోకి మార్చి చెప్పడం ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఒకప్పుడు ఆ దేశంలో చెల్లినది మన రూపాయేనని ఎందరికి తెలుసు? 1959లో భారత రిజర్వు బ్యాంకు గల్ఫు ప్రాంతం కొరకు ప్రత్యేకంగా రూపాయి నోట్లు ముద్రించింది. 1961లో తన దినారు వచ్చేవరకు కువైట్ ఆ రూపాయితోనే వ్యవహరించింది. ఎండకు ముత్యాల వేటగాళ్ళు మాడిన తీరంనుండి 1946లో మొదటి చమురు ఓడ బయలుదేరింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు ప్రవేశించినప్పుడు సర్వస్వం వదలి ఎడారి దారిలో అమ్మాన్ చేరిన మనవారిని లక్షకు పైబడి మన విమానాలు స్వదేశానికి చేర్చాయి. ఆ దారిన వచ్చినవారిలో మన పట్టణాల పెద్దలు కూడా ఉన్నారు. ఇవన్నీ పాఠ్యపుస్తకంలో లేవు. అడిగితే మన వీధి అరుగులమీదనే దొరుకుతాయి. ప్రయాణం చేసివచ్చిన పిల్లవాడికి అడగాలన్న బుద్ధి పుడుతుంది.

మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది, తండ్రి. ఇది మా మాట కాదు. ఆ విద్యార్థి జూన్ నెలలో తిరిగివచ్చి చెప్పిన మాట.

చెప్పినట్లుగానే ఖర్జూరాల పొట్లం తెచ్చి బల్లపై పెట్టాడు. సముద్రం గురించి చెబుతాడనుకొన్నాము. అతడు ఆ ఊసే ఎత్తలేదు. "సార్, మా అబ్బాకు ఎన్ని భాషలు వచ్చో తెలుసా?" అని అడిగాడు. తండ్రి ఎనిమిదవ తరగతితో చదువు ఆపినవాడు. ఫర్వానియాలో ఒక బకాలాలో, అంటే కిరాణా దుకాణంలో, సహాయకుడిగా చేరి ఇప్పుడు దాని బాధ్యతంతా చూస్తున్నాడు. యజమానితో అరబ్బీలో, సరుకు వేసే వ్యాపారితో మలయాళంలో, వీధి ఊడ్చే కార్మికుడితో బంగ్లాలో మాట్లాడుతున్నాడు. "ఇంటికి వచ్చినప్పుడు అబ్బా ఎక్కువ మాట్లాడరు సార్. ఆయన తత్వమే అంత అనుకొనేవాళ్ళం. అక్కడ చూస్తే ప్రొద్దున ఆరింటినుండి రాత్రి పదకొండు దాకా మాట్లాడుతూనే ఉంటారు. ఇంటికి వచ్చేసరికి మాటలు అయిపోతాయేమో" అన్నాడు.

జూన్ మొదటి తేదీనుండి ఆగస్టు నెలాఖరు వరకు అక్కడ ఉదయం పదకొండునుండి సాయంత్రం నాలుగు వరకు బయట ఎండలో పని చేయించరాదన్న నిబంధన ఉన్నది. ఆ వేళ భవన నిర్మాణ కార్మికులు నీడకోసం దుకాణపు గోడ ప్రక్కన కూర్చుంటే, తండ్రి చల్లని నీళ్ళ సీసాలు వారి చేతికిచ్చి చిట్టాలో వ్రాయకుండా వదలివేయడం ఈ పిల్లవాడు చూచాడు. 2016 జులై 21న ఆ దేశంలోని మిత్రిబా అనే చోట ఉష్ణోగ్రత 53.9 డిగ్రీలకు చేరిందని వార్తలలో చదివాము. ఆ అంకెకు అర్థం ఏమిటో ఆ గోడ ప్రక్కన కూర్చున్నవారిని చూచిన పిల్లవాడికి తెలుస్తుంది.

అతడు చెప్పిన మరొక సంగతి ఈ వ్యాసానికి ప్రాణం. ప్రక్క దుకాణం యజమాని ఒకనాడు వచ్చి, "కుర్రవాడు చురుకుగా ఉన్నాడు, నా దగ్గర ఉంచు, నెలకు ఇంత ఇస్తాను" అని ఒక మొత్తం చెప్పాడట. ఆ మొత్తాన్ని రూపాయలలోకి మార్చుకొని తల్లి ఒక్క క్షణం ఊగిసలాడింది. పిల్లవాడికీ ఆశ పుట్టింది. తండ్రి అరబ్బీలో ఏదో చెప్పి ఆ మనిషిని పంపివేశాడు. "ఏమన్నారు అబ్బా?" అని అడిగితే, "వీడు చూడడానికి వచ్చాడు, పనికి రాలేదు అన్నాను" అని చెప్పాడట.

ఎనిమిదవ తరగతి చదివిన ఆ తండ్రి అన్న మాట, ఎం.ఏ. చదివిన మేము, మా గదిలో కూర్చున్న మా మిత్రులు అనలేకపోయాము. ఇందుకు మేము సిగ్గుపడుతున్నాము.

ఆ క్షణంలో తండ్రి వేరుగా నిర్ణయించి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి శ్రమపడనక్కరలేదు. వేసవి సెలవులకని వెళ్ళి జులైలో తరగతికి తిరిగిరాని విద్యార్థులు మాకు తెలుసు. హాజరు పట్టికలో వారి పేరుకు ఎదురుగా కొన్నాళ్ళు గీతలు పడతాయి. తరువాత పేరే తొలగిపోతుంది. సందర్శన వీసాపై వెళ్ళినవాడు పని చేయడం చట్టవిరుద్ధం. పట్టుబడితే జరిమానా, నిర్బంధం, దేశబహిష్కారం. పట్టుబడకపోతే జీతం ఎగవేసినా, దెబ్బ తగిలినా అడిగే దిక్కు లేని బ్రతుకు. కాగితం లేనివాడికి ఏ కచేరీలో న్యాయం దొరుకుతుంది? ఇది ధనికుల బిడ్డలకు వచ్చే ఆపద కాదు. మన బిడ్డలకు మాత్రమే వచ్చేది.

కాగితం విలువ తెలుసుకోవాలంటే మరొక సంగతి గమనించండి. 1983 వలసల చట్టం క్రింద, పదవ తరగతి ఉత్తీర్ణులు కాని సామాన్య కార్మికులు కువైట్, సౌదీ అరేబియా మొదలుగా గల 18 దేశాలకు ఉద్యోగార్థం వెళ్ళాలంటే వలసల రక్షణాధికారి అనుమతి పొందవలసి ఉంటుంది. పదవ తరగతి ఉత్తీర్ణుడైనవాడికి ఆ ముద్ర అక్కరలేదు. తండ్రి పాస్‌పోర్టుమీద ఉన్న ఆ షరతు కొడుకు పాస్‌పోర్టుమీద లేదంటే కారణం ఒక్క పదవ తరగతి సర్టిఫికెట్టు. ఒక్క బడి చదువు ఇంత తేడా తెచ్చినప్పుడు, మూడు నాలుగేళ్ళ పట్టా ఎంత తేడా తెస్తుందో ఆలోచించుకోవాలి. ఆ పిల్లవాడు రేపు మళ్ళీ కువైట్ వెళ్ళవచ్చు. వెళ్ళవద్దని మేము ఎన్నడూ అనము. వెళ్ళేవాడు లెక్కలు తెలిసినవాడిగా, ఒప్పంద పత్రాన్ని స్వయంగా చదివి సంతకం చేయగలవాడిగా వెళ్ళాలన్నదే మా కోరిక.

ఇంతసేపు కొడుకు మాట చెప్పాము. ఆ ఇంట్లో ఒక కూతురు కూడా ఉన్నది. పదవ తరగతి పరీక్షలు అదే వేసవిలో ముగించింది. ఆమెకు టిక్కెట్టు కొనలేదు. నానీ దగ్గర ఉంచి వెళ్ళారు. "చెల్లెలు ఏమీ అనలేదా?" అని అడిగితే, "సముద్రం ఫోటో తీసి పంపమన్నది సార్" అన్నాడు. ఆ ఒక్క మాటలో మన సమాజపు సగం కథ ఉన్నది. పదహారు నెలలు మాత్రమే తండ్రిని చూచిన లెక్క ఆమెకు కూడా వర్తిస్తుంది. అబ్బా ఎన్ని భాషలు మాట్లాడతాడో చూచే హక్కు ఆమెకు మాత్రం లేదా?

ఆడపిల్లకు విదేశ యాత్ర క్రొత్త ఆలోచన అనుకొనేవారు హైదరాబాదు చరిత్రను తిరగవేయాలి. 1879లో ఆ నగరంలో పుట్టిన సరోజిని 1895లో, పదహారేళ్ళ వయస్సులో, నిజాం ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనంతో ఇంగ్లండు వెళ్ళింది. లండన్‌లోను, కేంబ్రిడ్జిలోను చదివింది. అక్కడి చెట్లు, అక్కడి పక్షులమీద కవితలు అల్లుతుంటే, ఎడ్మండ్ గాస్ అనే విమర్శకుడు ఆమెను తన దేశాన్ని గురించి వ్రాయమని సలహా ఇచ్చాడు. ఆమె మన వీధులు, మన జనం వైపు తిరిగి చూచింది. 1905లో వెలువడిన ఆమె మొదటి ప్రసిద్ధ కవితా సంపుటి ఆ చూపు ఫలితమే. పరదేశం వెళ్ళినందున ఆమె స్వదేశానికి దూరం కాలేదు. స్వదేశాన్ని చూచే కన్ను అక్కడ తెరుచుకొన్నది. ఒక ఆడపిల్లను 130 ఏళ్ళ క్రితం ఓడ ఎక్కించగలిగిన నేలమీద, నేడు తండ్రి దగ్గరకు నెల రోజులు పంపడానికి మనం వెనుకాడుతున్నాము.

ఏ తండ్రీ వీసా పంపని విద్యార్థులు ఈ వ్యాసం చదివి నిరాశపడనక్కరలేదు. వీరాస్వామయ్యగారు సముద్రం దాటలేదు. కాశీ వరకు వెళ్ళినా, గండికోట వరకు వెళ్ళినా, చూచే కన్ను ఒక్కటే. పరదేశ యాత్ర కొందరికే లభిస్తుంది కనుక, అది లభించినవారు చూచినదానిని మిగిలినవారితో పంచుకోవలసిన బాధ్యత మరింత పెరుగుతుంది. ఈ పంపకానికి ఏర్పాటు చేయవలసినది కళాశాలే.

కావున కళాశాల కార్యవర్గానికి మేము మూడు సూచనలు వినయపూర్వకంగా సమర్పిస్తున్నాము. మొదటిది, ప్రతి సంవత్సరం జులై మాసంలో ఒక సాయంత్రం, వేసవిలో ప్రయాణం చేసివచ్చిన విద్యార్థినీ విద్యార్థులు తాము చూచినదానిని తెలుగులో గాని, ఉర్దూలో గాని చదివి వినిపించే సభ ఏర్పాటు చేయాలి. అందులో మంచివి ఈ పత్రికలో అచ్చు వేయాలి. రెండవది, గ్రంథాలయంలో రెండు భాషల యాత్రాగ్రంథాలకు ఒక ప్రత్యేకమైన అర కేటాయించాలి. మూడవది, పాస్‌పోర్టు, వీసా నిబంధనలు తెలిసిన ఒకరిని పరీక్షలు ముగిసే వారంలో పిలిపించి, విద్యార్థులకే గాక వారి తల్లులకు కూడా ఆ విషయాలు వివరింపజేయాలి. సందర్శన వీసాకు, పని వీసాకు గల తేడా దళారి చెప్పేలోగా కళాశాల చెప్పాలి. ఈ మూడింటికీ అయ్యే ఖర్చు వార్షికోత్సవపు షామియానా ఖర్చుకు మించదు.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లవాడిని పిలిపించుకొన్నప్పుడు మీరు పనిచేసే చోటుకు వెంటబెట్టుకొని వెళ్ళండి. పెద్ద బజార్లు, మెరిసే మేడలు మాత్రమే చూపించి పంపకండి. మీ కష్టం చూస్తే పిల్లవాడు బాధపడతాడని దాచుకోవద్దు. తండ్రి శ్రమను కళ్ళారా చూచిన పిల్లవాడు ఆ డబ్బును వృథా చేయడు.

విద్యార్థి మిత్రులారా! ఈ వేసవిలో మీలో కొందరు మొదటిసారి విమానం ఎక్కవచ్చు. కిటికీ ప్రక్క చోటు తప్పక అడగండి. మీ ఉత్సాహాన్ని చూచి ఎవరైనా నవ్వితే చిన్నబుచ్చుకోవద్దు. సంచిలో ఒక నోటుపుస్తకం ఉంచుకోండి. చూచినది ఆ రాత్రే వ్రాయండి. వస్తువుల ధరలతో పాటు మనుషుల మాటలు వ్రాయండి. తెలియనిది అడగండి. చెల్లెలికి ఫోటోతో పాటు ఉత్తరం కూడా పంపండి. వచ్చే ఏడు ఆమెను కూడా పంపమని ఇంట్లో మీరే వాదించండి. నెల ముగియగానే తిరిగిరండి. తరగతి గదిలో మీ చోటు మీకోసం ఉంటుంది.

ఆ విద్యార్థి ఇప్పుడు మన కళాశాలలోనే డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. అతడు తెచ్చిన ఖర్జూరాలు అధ్యాపకుల గదిలో ఒక్క పూటలో అయిపోయినాయి. అతడు చెప్పిన మాటలు మాత్రం ఇంకా మా దగ్గర ఉన్నాయి. ఈ ఏడు వెళ్ళేవారిని మేము మళ్ళీ ఒక కోరిక కోరుతున్నాము. ఖర్జూరాలు వద్దు. నాలుగు పుటలు వ్రాసి తీసుకురండి.